'వచ్చిందా?' అనకండి... 'ఏమడిగారు?' అనండి

హైటెక్ సిటీలో మెట్రో ఎక్కిన ఆ కుర్రాడు అమీర్‌పేటలో దిగాలి. దిగలేదు. రైలు నాగోల్ చేరి బోగీ అంతా ఖాళీ అయ్యాక కానీ తన స్టేషన్ దాటిపోయిందన్న సంగతి తెలియలేదు. ప్లాట్‌ఫాం మీద బెంచీ కనిపిస్తే కూలబడ్డాడు. పొద్దున రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్న చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. ఒళ్లో ఫైలు. అందులో పదో తరగతి నుంచి బీటెక్ దాకా సర్టిఫికెట్లన్నీ భద్రంగా ఉన్నాయి.

జేబులో ఫోను మోగింది. నరసరావుపేట నుంచి నాన్న. ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీ మధ్యలో బస్సు ఆగగానే చేసినట్టున్నాడు.

''ఏరా, అయిపోయిందా? వచ్చినట్టేనా?''

''బాగానే చేశాను నాన్నా. మెయిల్ పెడతామన్నారు.''

పచ్చి అబద్ధం. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో ఐదో నిమిషానికే నోరు తడారిపోయింది. పదో నిమిషానికి 'ఎప్పుడు బయటపడతానా' అనిపించింది. ఆఖర్న 'మీరేమైనా అడుగుతారా?' అని వాళ్లంటే, 'నో సర్' అని లేచి వచ్చేశాడు. పీఎఫ్ లోను తీసి ఫీజు కట్టిన తండ్రికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక అబద్ధమాడాడు.

ఏటా కొన్ని లక్షల ఇళ్లలో జరిగే కథే ఇది. క్యాంపస్ సెలక్షన్ కావచ్చు, బ్యాంకు ఉద్యోగం కావచ్చు, పెళ్లయ్యాక నాలుగేళ్లు ఇంటిపట్టున ఉండి మళ్లీ ప్రయత్నిస్తున్న ఇల్లాలు కావచ్చు. ఇంటర్వ్యూ చెడిపోయిన రోజు అందరికీ ఒకేలా ఉంటుంది. తేడా అంతా ఆ మర్నాటి నుంచే మొదలవుతుంది.

రాత్రంతా అదే సినిమా

ఆ రాత్రి హాస్టల్ గదిలో అతనికి నిద్ర పట్టలేదు. కళ్లు మూసుకుంటే చాలు... ఆ గది, ఆ ముగ్గురు, అందులో ఒకాయన పక్కాయన వంక చూసి నవ్విన నవ్వు! 'నా ఇంగ్లిష్ చూసే నవ్వుంటాడు' అనుకున్నాడు. తెల్లారేసరికి 'నేను పనికిరాను' అన్న తీర్పు కూడా తనే ఇచ్చేసుకున్నాడు. తర్వాత మూడు వారాలపాటు ఒక్క కంపెనీకీ దరఖాస్తు పెట్టలేదు.

మన తప్పు మనకు కొండంత కనిపిస్తుంది. ఎదుటివాళ్లు దాన్ని అంతగా పట్టించుకోరు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని సరదా ప్రయోగంతో నిరూపించారు. 2000లో అచ్చయిన అధ్యయనం అది. విద్యార్థులకు ఒక పాప్ గాయకుడి బొమ్మ ఉన్న టీ-షర్టు ఇచ్చారు. కుర్రకారు వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ అది. దాన్ని తొడుక్కుని, తోటివాళ్లు కూర్చున్న గదిలోకి వెళ్లి రమ్మన్నారు. 'ఎంతమంది గమనించి ఉంటారు?' అని అడిగితే, 'దాదాపు సగం మంది' అన్నారు వేసుకున్నవాళ్లు. నిజంగా గమనించింది అందులో సగమే! మన మీద పెద్ద లైటు పడుతోందని మనమే అనుకుంటామన్న మాట.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ రోజు పదిహేను మందినో ఇరవై మందినో చూసి ఉంటారు. ఫలానా కుర్రాడు నీళ్ల గ్లాసు తడబడుతూ పట్టుకున్నాడన్న సంగతి సాయంత్రానికి వాళ్లకు గుర్తుండదు. రాత్రంతా గుర్తుపెట్టుకునేది ఆ కుర్రాడొక్కడే.

బాధ పడొద్దా?

పడొచ్చు. పడాలి కూడా. 'దులిపేసుకుని ముందుకెళ్లు' అని సలహా ఇవ్వడం తేలికే. కానీ మింగేసిన బాధ ఎక్కడికీ పోదు. తర్వాతి ఇంటర్వ్యూలో గొంతులో అడ్డం పడుతుంది.

దీనికీ ఓ ఆధారం ఉంది. ఒక కంప్యూటర్ కంపెనీ నుంచి ఉద్యోగాలు పోయి నెలలు గడిచినా మరో పని దొరకని 63 మందితో, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్‌బేకర్ బృందం చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. కొందరిని వరుసగా ఐదు రోజులు, రోజుకు ఇరవై నిమిషాల చొప్పున, ఉద్యోగం పోవడం గురించి తమ మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టమన్నారు. కోపం, అవమానం, భయం... ఏదైనా సరే! మరికొందరితో ఆ రోజు చేయబోయే పనుల గురించి మాత్రమే రాయించారు. ఇంకొందరితో ఏమీ రాయించలేదు. ఎనిమిది నెలలు గడిచాక చూస్తే, మనసు విప్పి రాసినవాళ్లలో సగం మందికి పైగా ఉద్యోగాల్లో చేరారు. మిగతావాళ్లలో నాలుగో వంతు మందికైనా పని దొరకలేదు.

రాసినవాళ్లేమీ ఎక్కువ కంపెనీల చుట్టూ తిరగలేదు. అందరూ ఇంచుమించు ఒకేలా ప్రయత్నించారు. రాసినవాళ్లు పాత కోపాన్ని కాగితం మీద వదిలేశారు, కొత్త ఇంటర్వ్యూకు మోసుకెళ్లలేదు... తేడా అదేనని పరిశోధకులు భావించారు.

లాంగ్ నోట్‌బుక్ అన్న

మన కుర్రాడికి ఈ అధ్యయనాల సంగతి తెలియదు. అతన్ని ఒడ్డున పడేసింది గదిలో రెండో మంచం మీద ఉండే అన్న. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. అప్పటికే మూడు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్న అనుభవశాలి!

మూడు వారాలుగా దుప్పటి కప్పుకుని పడుకుంటున్న కుర్రాణ్ని చూసి, ఓ ఆదివారం అడిగేశాడు.

''తమ్ముడూ, ఆ రోజు ఏమడిగారు?''

'వచ్చిందా?' అని అందరూ అడిగారు. 'ఏమడిగారు?' అన్నది మాత్రం అతనొక్కడే. కుర్రాడు కాసేపు ఆలోచించి, ''గుర్తులేదన్నా. నా ఇంగ్లిష్ బాగోలేదు, అంతే'' అన్నాడు.

ఆ అన్న ట్రంకు పెట్టెలోంచి ఓ పాత లాంగ్ నోట్‌బుక్ తీశాడు. తను వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూకూ అందులో రెండు పేజీలున్నాయి. పేజీకి నిలువునా మూడు గళ్లు. మొదటి గడిలో 'అడిగింది'. రెండో దాంట్లో 'చెప్పింది'. మూడోది 'చెప్పాల్సింది'. బయటికొచ్చిన రోజే, బస్టాండులో కూర్చునైనా సరే, మొదటి రెండు గళ్లు నింపేస్తాడట. రోజులు గడిస్తే ప్రశ్నలు మరిచిపోతాం, అవమానం ఒక్కటే మిగులుతుంది.

కుర్రాడు కూడా ఓ కాగితం తీసుకున్నాడు. గింజుకుంటే పదకొండు ప్రశ్నలు గుర్తొచ్చాయి. రాస్తూ పోతుంటే ఓ విచిత్రం బయటపడింది. మొదటి నాలుగింటికీ బాగానే చెప్పాడు. ఇంగ్లిష్‌లోనే చెప్పాడు! బండి పట్టాలు తప్పింది ఐదో ప్రశ్న దగ్గర. రెజ్యూమెలో 'మెషీన్ లెర్నింగ్' అని ఉండటం చూసి, 'ఓవర్‌ఫిట్టింగ్ అంటే ఏమిటి?' అని అడిగారు. ఆ సబ్జెక్టులో అఆల్లాంటి ప్రశ్న. ఇతనికి రాదు. ఎందుకంటే ఆ మాట స్నేహితుడి రెజ్యూమె నుంచి దించుకున్నది! తెలియదని ఒప్పుకోకుండా ఏదో అల్లాడు. వాళ్లు ఇంకో ప్రశ్న వేశారు. ఇంకొంచెం అల్లాడు. అక్కణ్నుంచి తెలిసినవి కూడా తడబడ్డాయి.

మూడు వారాలుగా అతను నిందించింది తన ఇంగ్లిష్‌ని. అసలు దొంగ రెజ్యూమెలోని ఒక లైను. రాసుకోకపోతే ఏమయ్యేది? స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌కు ఇంకో ఫీజు కట్టేవాడు. అదే లైనుతో ఇంకో ఇంటర్వ్యూకు వెళ్లేవాడు.

ఏ తప్పుకు ఏ మందు?

అలా రాసుకున్న జవాబులను నాలుగు కుప్పలుగా విడదీయొచ్చు. ఏ కుప్పకు ఆ మందే వాడాలి.

తెలియనివి: వీటికి మందు చదువే. పదకొండింటిలో మూడు తెలియవంటే, వారం రోజుల్లో నేర్చుకోదగ్గ పని అది. 'నాకేమీ రాదు' అన్న మాట కన్నా 'ఈ మూడూ రావు' అన్నది ఎంతో తేలిక.

తెలిసీ చెప్పలేకపోయినవి: ఇవి చదివితే పోవు. పైకి మాట్లాడితేనే పోతాయి. ముఖ్యంగా 'మీ గురించి చెప్పండి', 'మీ ప్రాజెక్టు గురించి చెప్పండి' లాంటివి. అనుభవం గురించి అడిగితే నాలుగు మెట్లలో చెప్పడం మంచిది. సందర్భం ఏమిటి, అందులో తన బాధ్యత ఏమిటి, తను చేసిన పనేమిటి, ఫలితం ఏమిటి... రెండు నిమిషాల్లో అయిపోవాలి. 'మేం నలుగురం కలిసి చేశాం' దగ్గర ఆగిపోకూడదు. ఎదుటివాళ్లకు కావాల్సింది ఆ నలుగురిలో తనేం చేశాడన్నది.

లేనిది ఉన్నట్టు చెప్పినవి: ఇక్కడ మందు ఒక్కటే... కొట్టివేత. రెజ్యూమెలో ప్రతి లైను మీదా ఐదు నిమిషాలు మాట్లాడగలగాలి. మాట్లాడలేని లైను తీసేయాలి. ఇంటర్వ్యూలో తెలియని ప్రశ్న వస్తే, 'ఇది తెలియదండీ. కానీ తెలిసినంతలో ఇలా మొదలుపెడతాను' అనడంలో చిన్నతనం లేదు. 'ఒక్క నిమిషం ఆలోచించుకోవచ్చా?' అని అడగడంలోనూ లేదు.

చేతిలో లేనివి: ఆ ఉద్యోగానికి లోపలి మనిషిని ముందే అనుకుని ఉండొచ్చు. ఖాళీలు తగ్గిపోయి ఉండొచ్చు. అడగకూడని ప్రశ్నలు అడిగేవాళ్లూ ఉంటారు. 'పెళ్లెప్పుడు?', 'పిల్లల్ని ఎవరు చూస్తారు?' అంటూ ఆడపిల్లల్ని నిలదీయడం ఇంకా పోలేదు. ఈ కుప్పను మూటగట్టి పక్కన పెట్టేయడమే. అయితే అన్నింటినీ ఇందులోకే నెట్టేయకూడదు సుమా!

ఇంకో చిన్న పని ఉంది. ఇంటర్వ్యూ చేసిన సంస్థకు మర్నాడు రెండు మూడు వాక్యాల మెయిల్ పెట్టొచ్చు. సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, ఏ విషయంలో మెరుగుపడాలో చెబితే సంతోషం... అంతే. చాలాచోట్ల నుంచి జవాబు రాదు. వస్తే మాత్రం అది బంగారం. సివిల్స్‌లో అయితే ఆ గొడవే లేదు. మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూవి 275. తుది ఫలితాల తర్వాత యూపీఎస్సీ మార్కుల జాబితా ఇస్తుంది కాబట్టి ఎవరికెన్ని వచ్చాయో తెలిసిపోతుంది. రాతపరీక్షలో పోయిందో, ఇంటర్వ్యూలో పోయిందో ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఎనిమిది ఖాళీలు... తొమ్మిదో స్థానం

1958. మద్రాసులో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివిన ఓ రామేశ్వరం కుర్రాడికి దాదాపు ఒకేసారి రెండు పిలుపులొచ్చాయి. ఒకటి ఢిల్లీలో రక్షణ శాఖకు చెందిన సాంకేతిక విభాగం నుంచి. రెండోది దెహ్రాదూన్‌లోని వైమానికదళ ఎంపిక బోర్డు నుంచి. విమానం నడపాలన్నది చిన్ననాటి కల. అందుకే మనసంతా దెహ్రాదూన్ మీదే ఉంది.

బోర్డు ముందుకు వెళ్లినవాళ్లు 25 మంది. తీసుకున్నది ఎనిమిది మందిని. ఆ కుర్రాడిది తొమ్మిదో స్థానం! అతని పేరు ఏపీజే అబ్దుల్ కలాం.

ఆ రోజు ఎంత కుంగిపోయారో తన ఆత్మకథ 'వింగ్స్ ఆఫ్ ఫైర్'లో కలాం దాచుకోకుండా చెప్పారు. అక్కణ్నుంచి రుషికేశ్ వెళ్లారు. గంగలో స్నానం చేశారు. శివానంద ఆశ్రమంలో స్వామి శివానందను కలిసి మనసులో ఉన్నది చెప్పుకున్నారు. అంటే బాధను దాచుకోలేదు, వినే మనిషికి చెప్పుకున్నారు. తర్వాత ఢిల్లీ తిరిగొచ్చి, రెండో ఉద్యోగం సంగతి కనుక్కున్నారు. చేతికి ఉత్తర్వు అందింది. 250 రూపాయల మూలవేతనంతో సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్‌గా చేరిపోయారు.

1962లో మరో ఇంటర్వ్యూ వచ్చింది. ఈసారి బొంబాయిలో, రాకెట్ ఇంజినీర్ ఉద్యోగానికి. ఎదురుగా కూర్చున్నవాళ్లలో విక్రమ్ సారాభాయ్ ఒకరు. తనకేం రాదో పట్టుకోవాలని కాకుండా, తను ఏం చేయగలడో చూడాలన్నట్టు ఆయన ప్రశ్నలు సాగాయని కలాం తర్వాత గుర్తుచేసుకున్నారు. ఆ ఉద్యోగం వచ్చింది. 1980 జులైలో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్ఎల్‌వీ-3 ప్రాజెక్టుకు ఆయనే డైరెక్టర్. 2006 జూన్‌లో రాష్ట్రపతి హోదాలో పుణెలో సుఖోయ్-30 యుద్ధవిమానంలో ఎగిరారు. అప్పుడాయన వయసు 74.

అందరూ కలాం కాలేరు, నిజమే. కానీ దెహ్రాదూన్ నుంచి ఢిల్లీ రైలెక్కడం ఎవరైనా చేయగలిగిన పనే. ఆ బోర్డు తేల్చింది ఆ ఎనిమిది ఖాళీల సంగతే. రెండో ఉద్యోగానికి తలుపు అప్పటికింకా తెరిచే ఉంది. ఆయన వెళ్లి తట్టారు.

అమ్మకు అర్థమైతే చాలు

మన కుర్రాడు రెజ్యూమెలో రెండు లైన్లు కొట్టేశాడు. మెషీన్ లెర్నింగ్ లైను మాత్రం ఉంచాలనుకున్నాడు. దానికోసం నిజంగా కూర్చుని నేర్చుకున్నాడు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అరిసెలు వత్తుతున్న తల్లి పక్కన చేరాడు.

''అమ్మా, నేను చదివింది చెబుతా. అర్థమైందో లేదో చెప్పు.''

''నాకేం తెలుసురా కంప్యూటర్లు?''

''తెలియదనే చెబుతున్నా. ఒక పిల్లాడు లెక్కలన్నీ బట్టీ పట్టాడనుకో. పుస్తకంలోవి అడిగితే నూటికి నూరు. అంకెలు మార్చి ఇస్తే తెల్లమొహం. కంప్యూటర్ కూడా అలా బట్టీ పడితే దాన్ని ఓవర్‌ఫిట్టింగ్ అంటారు.''

ఆవిడ ఫక్కున నవ్వింది. ''నువ్వు తొమ్మిదో తరగతిలో చేసిన పనేగా!''

అర్థమైంది! ఎదుటి మనిషికి తెలుగులో వివరించగలిగితే విషయం వచ్చినట్టే. ఆ తర్వాత దాన్నే ఇంగ్లిష్‌లో చెప్పడం సగం పని. జవాబులు బట్టీ పట్టి వెళ్లడం ఎందుకు ప్రమాదమో కూడా ఆ ఒక్క ఉదాహరణలోనే ఉంది. ప్రశ్న కాస్త మారితే చాలు, బట్టీ జవాబు తెల్లమొహం వేస్తుంది.

అద్దం ముందు నిలబడి మాట్లాడటం కన్నా మనిషి ముందు మాట్లాడటం మేలు. వీధిలో రిటైరైన మాస్టారో, బ్యాంకులో చేసిన మామయ్యో ఉంటే ఓ అరగంట ప్రశ్నలు వేయమని అడగొచ్చు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినొచ్చు. మొదటిసారి తన గొంతు తనకే నచ్చదు. మూడోసారికి ఎక్కడ తొందరపడుతున్నాడో, ఎక్కడ 'అంటే... అంటే...' అని నాన్చుతున్నాడో తెలిసిపోతుంది. ఆఖర్న వాళ్లను అడగడానికి రెండు ప్రశ్నలు సిద్ధం చేసుకోవాలి. చేరిన మొదటి ఆరు నెలల్లో ఎలాంటి పని ఉంటుంది, ఎవరితో కలిసి పనిచేయాలి... ఇలాంటివి చాలు.

ఇంట్లోవాళ్ల వంతు

ఇంటర్వ్యూ నుంచి వచ్చిన బిడ్డ చెప్పులు విప్పకముందే 'వచ్చిందా?' అంటే, దానికి రెండే జవాబులుంటాయి. ఒకటి చెప్పలేక రెండోది చెబుతారు. అబద్ధం అక్కడే పుడుతుంది. పిన్నికీ, బాబాయికీ ఫోన్లు చేసి ముందే చెప్పేయడం, పక్కింటి అబ్బాయి జీతం గుర్తుచేయడం కూడా అలాంటివే. ముందు అన్నం పెట్టాలి. తర్వాత తీరిగ్గా 'ఏమడిగారు?' అనాలి. అప్పుడు చెప్పడానికి ఓ కథ ఉంటుంది. ఆ కథలోనే తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. వారాలు గడిచినా తిండి, నిద్ర సరిగా లేకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, 'నేనుండి ఏం లాభం' లాంటి మాటలు వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు. వెంటనే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఏ వేళలోనైనా చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది.

కుర్రాడికి ఉద్యోగం వచ్చింది నాలుగో ఇంటర్వ్యూలో. కానీ ఇంట్లో మార్పు వచ్చింది రెండో ఇంటర్వ్యూ రోజునే. పండక్కి వెళ్లినప్పుడు మొదటిసారి ఏం జరిగిందో తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ''అప్పుడే చెబితే ఏమయ్యేదిరా!'' అన్నాడు. అంతే.

రెండో ఇంటర్వ్యూ అయ్యాక మళ్లీ మెట్రో ఎక్కాడు. మళ్లీ ఫోను మోగింది.

''ఏరా, ఏమడిగారు?''

కుర్రాడు చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిది ప్రశ్నలు. ఏడింటికి బాగా చెప్పాడు. ఒకటి తెలియదని ఒప్పుకున్నాడు. ఒకటి తెలిసీ తడబడ్డాడు. బస్సు కదిలే టైమైనా తండ్రి ఫోను పెట్టలేదు. మధ్యలో ''ఆగు నాన్నా, అమీర్‌పేట వచ్చింది, దిగుతున్నా'' అన్నాడు కుర్రాడు.

దిగాక మిగతాది చెప్పాడు.